ఎస్‌ఐఆర్ మోడల్‌లో జనాభా మైనస్‌లోకి పోతుంటే

తమ్ముడూ, బెజవాడ జనాభా 10 లక్షలు, జ్వరం ఉన్నవాళ్లు 10 మంది అని పెట్టి ఎస్‌ఐఆర్ మోడల్ (జనాన్ని జబ్బు సోకే వీలున్నవాళ్లు ఎస్, జబ్బుతో ఉన్నవాళ్లు ఐ, కోలుకున్నవాళ్లు ఆర్ అని విడదీసి వ్యాప్తిని లెక్కగట్టేది) నడిపితే మొదటి రోజుకే లెక్క మైనస్‌లోకి పోయిందన్నావు కదా. కోడ్ చూశాను. పైథాన్ తప్పేం లేదు, సమీకరణంలో భాగహారం మర్చిపోయావు.

కొత్త కేసులకు బీటా (జబ్బు అంటుకునే రేటు) × ఎస్ × ఐ అని రాశావు. నీ బీటా 0.4. గుణించి చూడు, ఒక్క రోజులో దాదాపు 40 లక్షల కేసులు! ఊళ్లో ఉన్నదే 10 లక్షల మంది. దాన్ని మొత్తం జనాభాతో భాగించు, 4 వస్తుంది. బీసెంట్ రోడ్డులో ఎంత రద్దీ ఉన్నా ఒక్క మనిషి రోజులో ఊరంతటినీ కలవలేడు కదా, ఆ భాగహారం చెప్పేది అదే. కొన్ని పుస్తకాల్లో జనాభాను 1గా తీసుకుంటారు, అందుకే అక్కడ భాగించరు. నేనూ మొదట్లో అక్కడే బోల్తా పడ్డాను.

కోలుకునే రేటు గామా 0.2 అన్నావు, అంటే ఆర్-నాట్ (మొదట్లో ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి సోకుతుందో ఆ సంఖ్య, బీటా ÷ గామా) 2. ఎస్ 5 లక్షలకు దిగినప్పుడు ఐ శిఖరానికి చేరాలి, దాదాపు 1.53 లక్షలు. గ్రాఫ్ అక్కడికి రాకపోతే టైమ్ స్టెప్ (ఒక లెక్కకీ తర్వాతి లెక్కకీ మధ్య వ్యవధి) 1 రోజు నుంచి 0.1కి తగ్గించు.

అన్నట్టు, నీ ప్రాజెక్ట్ డెంగీ మీదైతే కెర్మాక్, మెకెండ్రిక్ 1927లో ఇచ్చిన ఈ ఎస్‌ఐఆర్ మోడల్ ఒక్కటే చాలదు. దోమలకు వేరే సమీకరణాలు కలపాలి.