సాక్ష్యం చెప్పమంటున్నారు, నాకు నోరు రావడం లేదు

ప్రశ్న: మాది గుణుపురం. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. ఈ ఏడాది మార్చిలో మా మావయ్యగారు చనిపోయారు. బాబు ప్లస్ టూ తప్పాడు. జూన్‌లో మావారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. విశాఖ ఆసుపత్రి ఖర్చులకి నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చాం. "ఇంట్లో ఏదో పాపం ఉంది, ఒప్పుకోండి" అని అత్తయ్య రోజూ అంటున్నారు. మావారు చర్చిలో పాట మొదలవగానే వెక్కి వెక్కి ఏడుస్తారు, ఇంటికొచ్చి "నేను పోయినా బాగుండేది" అంటారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ప్రతి కుటుంబం లేచి, ఏడాదంతా దేవుడు చేసిన మేలుల గురించి సాక్ష్యం చెప్పాలి. నాకేమీ రావడం లేదు. నా విశ్వాసమే పోయిందా? ఈ ఏడాదిని ఎలా తలుచుకోవాలి?

జవాబు: అమ్మా, సాక్ష్యం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీవారు అన్న మాట. ఈ రోజే, పక్కన ఎవరూ లేనప్పుడు, ఆయన్ని సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా చెయ్యాలో ఏమైనా అనుకున్నారా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. లోపల దాచుకున్నది బయటపెట్టడానికి వాళ్లకు దారి దొరుకుతుంది, అంతే. అవునంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు, మిగిలిపోయిన మాత్రలు ఇంట్లో లేకుండా చూసి, ఆయన రోజువారీ మందులు మీ చేతిలో పెట్టుకుని ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలిమానస్ లైను. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. కాదన్నా సరే, ఆయన ఆ మాట అన్నారని వచ్చే చెకప్‌లో డాక్టరుకి చెప్పి తీరాలి. "అలా అనకూడదు, పాపం" అని మాత్రం మందలించకండి. రెండోసారి మీ ముందు అనరు, మనసులో అనుకోవడం మాత్రం ఆగదు.

పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. దానికి మందులున్నాయి, పనిచేస్తాయి. పాట మొదలవగానే ఏడవడం వేరే సంగతి కావచ్చు. ఏడుపునీ నవ్వునీ అదుపు చేసే మెదడు దారులు దెబ్బతింటే, మనసులో అంత దుఃఖం లేకపోయినా ఏడుపు తన్నుకొస్తుంది, రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది. కొందరికి నవ్వూ అలాగే వస్తుంది. ఏడుపు ఆగాక "ఇప్పుడు నిజంగా బాధగా అనిపించిందా, లేక దానంతటదే వచ్చిందా?" అని అడిగి చూడండి. ఏమన్నారో తారీఖు వేసి రాసుకుని డాక్టరుకి చూపించండి, దీనికీ మందులున్నాయి. చర్చిలో ఎవరో "ఆత్మ తాకింది" అంటారు, ఇంకెవరో "విశ్వాసం సన్నగిల్లింది" అంటారు. ఈ రెండూ పట్టించుకోవద్దు. ఆయన్ని వెనక వరసలో, గుమ్మం వైపు కూర్చోబెట్టండి. ఏడుపు వచ్చినప్పుడు చుట్టూ చేరి తలమీద చేతులుంచి గట్టిగా ప్రార్థిస్తే ఇంకా పెరుగుతుంది. చూపు వేరే వైపు తిప్పుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకోమనండి, కాసేపు మాట మార్చండి. ఉపవాస ప్రార్థనలో ఎవరేం చెప్పినా బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. మానితే రెండో దాడి వచ్చే ప్రమాదం పెరుగుతుంది. యాకోబు 5:14 ప్రకారం నూనె రాసి ప్రార్థించమని పెద్దల్ని పిలవండి, మాత్రా వెయ్యండి. ఒకటి చేస్తే రెండోది మానాలని ఆ వచనంలో లేదు.

ఇక అత్తయ్య. యోహాను 9లో పుట్టు గుడ్డివాణ్ని చూసి శిష్యులు ఇదే ప్రశ్న అడిగారు: ఎవరు పాపం చేశారు, వీడా, వీడి కన్నవాళ్లా? ఇద్దరూ కాదన్నాడు యేసు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్ల కంటే పాపులు కారని ఆయనే చెప్పాడు (లూకా 13:4). ఉన్నదంతా పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు, అది మంచి పని. నోరు తెరిచి కారణం వెతకడం మొదలుపెట్టాకే చెడిపోయింది. చివర్లో దేవుడు కోప్పడింది వాళ్ల మీదే.

కానీ ఈ వచనాలు అత్తయ్య మీద విసరకండి. భర్త పోయిన మూడు నెలలకే కొడుకు మంచం పట్టడం చూసిన మనిషి ఆమె. పాపం అనుకుంటే కనీసం ఒప్పుకుని సరిచేసుకోవడానికి ఏదో ఒకటి ఉందనిపిస్తుంది. కారణమే లేదంటే చెయ్యడానికేమీ మిగలదు, అది ఆమెకి ఇంకా భయం. ఆ మాట ఎత్తినప్పుడు వాదించకుండా, "మావయ్యగారు చివరి రోజుల్లో మీతో ఏమనేవారు అత్తయ్యా?" అని అడగండి. చెప్పనివ్వండి, మధ్యలో అడ్డు రాకండి. వచనాల సంగతి మీ పాస్టరు అయ్యగారు వచ్చి ఆమెతో విడిగా మాట్లాడితే మేలు. ఇంట్లో ఎవరైనా ఎవరికైనా ఫలానా అన్యాయం చేశామని ఎరిగి ఉంటే, ఆ మనిషి దగ్గరకు వెళ్లి ఆ ఒక్కటీ సరిచేసుకోవాలి (మత్తయి 5:23, 24). పేరులేని పాపం కోసం ఇల్లంతా గాలించడం వేరు, దాంతో ఎవరికీ నెమ్మది రాదు.

మీ విశ్వాసం పోయిందా అని అడిగారు. కీర్తన 13 తీయండి. ఆరు వచనాలే. దావీదు మొదటి రెండు వచనాల్లోనే "ఇంకా ఎంతకాలం" అని నాలుగుసార్లు అడుగుతాడు. అది కొంత తేరుకుని ముగుస్తుంది. కీర్తన 88లో అదీ లేదు, 18 వచనాలూ నడిచి చీకటిలోనే ఆగిపోతుంది. అదీ బైబిల్లోనే ఉంది, దాన్నీ ఆరాధనలో పాడుకున్నారు. దేవుడి మీద కోపం వచ్చి ఆ కోపాన్ని దేవుడికే చెప్పేవాళ్లు ఆయన్ని వదిలేసినట్టు కాదు. దేవుణ్ని ప్రేమించేవాళ్లకు అన్నీ కలిసి మేలుకే జరుగుతాయనే రోమా 8:28 మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. నిజమైన మాటే, కానీ వేళ చూడాలి. యోసేపుని పదిహేడేళ్ల వయసులో సొంత అన్నలే అమ్మేశారు. దేవుడే నన్ను ముందుగా పంపించాడని అన్నలతో అనేటప్పటికి సుమారు 39 ఏళ్లు. మధ్యలో 22 ఏళ్లు గడిచాయి. మీకు జరిగి ఇంకా ఏడాది కూడా కాలేదు. ఇదంతా ఎందుకు జరిగిందో డిసెంబరు 31 లోపు తేల్చాల్సిన బాధ్యత మీ మీద ఎవరూ పెట్టలేదు.

మరి ఏడాదిని ఎలా తలుచుకోవాలి? రాసుకుని తలుచుకోండి. ఉత్తినే కూర్చుని తలుచుకుంటే మార్చి, జూన్ నెలల చుట్టూనే మనసు తిరుగుతుంది. ఒక రూళ్ల నోటుబుక్కు తీసుకుని నెలకో పేజీ, పన్నెండు పేజీలు పెట్టండి. ముందుగా ఫోన్లో ఫొటోలు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, వడ్డీ కట్టిన చీటీలు, బాబు హాల్ టికెట్టు ఒక సంచిలో వేసి దగ్గర పెట్టుకోండి, మరిచిపోయిన రోజులు వాటిలోంచి బయటికొస్తాయి. నాలుగు సాయంత్రాలు చాలు, ఒక్కోసారి ముప్పావుగంట మించకూడదు. మొదటి సాయంత్రం జనవరి, ఫిబ్రవరి మాత్రమే. చాలా ఇళ్లలో ఈ పని మధ్యలో ఆగిపోయేది నేరుగా చావు రోజుతో మొదలుపెట్టడం వల్లే. రెండో సాయంత్రం మార్చి నుంచి మే, తర్వాత జూన్ నుంచి ఆగస్టు, చివరికి మిగతావి.

పేజీ పై సగంలో జరిగింది రాయండి, ఏ నెలలో ఏమైందో, అంతే. కింది సగం దేవుడితో చెప్పాల్సింది. "మహోన్నతుడవైన తండ్రీ" అనే కూడిక భాష అక్కర్లేదు, ఇంట్లో మాట్లాడినట్టే రాయండి: "ఆ రాత్రి నిన్ను పిలిచాను, నువ్వు రాలేదు." ఒక్క నియమం గట్టిగా పాటించండి. "అలా చేసి ఉంటే", "ముందే తీసుకెళ్లి ఉంటే" అనే మాటలు ఆ పుస్తకంలోకి రాకూడదు. జూన్ పేజీ దగ్గర తప్పకుండా వస్తాయి. వస్తే పుస్తకం మూసి టీ పెట్టుకోండి, మర్నాడు చూసుకోవచ్చు.

మీవారి చేత రాయించకండి, ఎడమచేత్తో రాయమని పట్టుబట్టకండి. అవునో కాదో చెప్పగల ప్రశ్నలు అడగండి, లేదా రెండు మాటలిచ్చి ఏది అని అడగండి: "ఆసుపత్రిలో ఎక్కువ భయమేసిందా, సిగ్గేసిందా?" అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టి ఆగండి. ఆయన సగంలో ఉన్న మాటను మీరు పూర్తి చెయ్యకండి. బాబు ఒడియా మీడియంలో చదివి ఉంటే తెలుగు బైబిల్ కూడబలుక్కోవాల్సి వస్తుంది, అందరి ముందు చదవమంటే నలిగిపోతాడు. కీర్తన 13ని వాడు ఒడియా బైబిల్లో చదవనివ్వండి, మీరు తెలుగులో చదవండి. నోటుబుక్కులో వాడి ముక్క వాడు ఒడియాలోనే రాసుకోవచ్చు.

మార్చి పేజీ దగ్గర కాసేపు ఆగండి. తాతయ్య పోయిందీ, వాడు పరీక్షలు రాసిందీ ఇంచుమించు ఒకే వేళ. మీ ఉత్తరంలో ఆ రెండూ వేర్వేరు కష్టాలుగా ఉన్నాయి. పేజీ మీద పక్కపక్కన పెట్టి, హాల్ టికెట్టు మీది తారీఖులు చూపించి, "ఆ రోజు పరీక్ష హాల్లో నీకెలా ఉందిరా?" అని వాణ్ని అడగండి. బహుశా ఇప్పటిదాకా ఆ మాట ఎవరూ అడిగి ఉండరు. మళ్లీ పరీక్ష కట్టే సంగతి ఆ తర్వాత మాట్లాడొచ్చు.

పన్నెండు పేజీలూ అయ్యాకే కృతజ్ఞత. "మేలులు లెక్కపెట్టండి" అంటే మీకు ఏమీ తోచకపోవచ్చు. ఇలా అడగండి: ఆ రాత్రి బండి ఎవరిచ్చారు? మీరు విశాఖలో ఉన్నన్నాళ్లూ బాబుకి అన్నం ఎవరు పెట్టారు? అత్తయ్య దగ్గర ఎవరు పడుకున్నారు? పేర్లు వస్తాయి. కొన్ని ఒడియా పేర్లు, సవర పేర్లు, చర్చికి రానివాళ్ల పేర్లు కూడా ఉంటాయి. ఆ పేర్లు ఆయా నెలల పేజీల్లో రాయండి. క్రిస్మస్ లోపు ఇద్దరి ముగ్గురి ఇళ్లకైనా వెళ్లి చెప్పి రండి.

అప్పు సంగతి ప్రార్థన అంశంగా మాత్రమే వదిలెయ్యకండి. లక్షన్నరకి నెలకు 4,500 వడ్డీ. జులై నుంచి డిసెంబరు దాకా 27,000 కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి ఈ అప్పు తీర్చండి, బ్యాంకు వడ్డీ చాలాసార్లు ఇందులో మూడో వంతు కూడా ఉండదు. మిషన్ శక్తి (ఒడిశాలో మహిళల స్వయం సహాయక సంఘాలు) గ్రూపులో సభ్యులైతే అక్కడా అడగండి. తీర్చిన రోజే ప్రోనోటు, ఖాళీ చెక్కులు ఏమైనా ఇచ్చి ఉంటే అవీ వెనక్కి తీసుకోండి, చెల్లు రాయించుకోండి. "తర్వాత ఇస్తాలే" అంటే ఊరుకోవద్దు. క్రిస్మస్ కృతజ్ఞత కానుక కోసం ఇంకో చేబదులు చెయ్యకండి. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే దేవుడు అంగీకరిస్తాడని 2 కొరింథీయులు 8:12లో ఉంది.

ఇప్పుడు సాక్ష్యం. క్రిస్మస్ కార్యక్రమాల హడావిడి మొదలయ్యేలోపే అయ్యగారిని కలవండి. ఈసారి మా కుటుంబాన్ని పేరు పెట్టి లేపవద్దు, చెప్పగలిగితే నేనే చెయ్యెత్తుతాను అని చెప్పండి. చాలామంది పాస్టర్లు ఒప్పుకుంటారు, వాళ్లకి ముందు తెలియకపోవడమే ఇబ్బంది. చెప్పకుండా కూర్చోవడం తప్పు కాదు. చెప్పాలనిపిస్తే నిమిషం చాలు, కాగితం చూసి చదవండి:

"ఈ ఏడాది మా మావయ్యగారిని పోగొట్టుకున్నాం. మావారు జబ్బుపడ్డారు, ఇంకా కోలుకుంటున్నారు. చాలా రోజులు ప్రార్థించడానికి నాకు మాట రాలేదు. ఆ రోజుల్లో మీలో కొందరు మా ఇంటికి అన్నం తెచ్చారు, మా పిల్లాణ్ని చూసుకున్నారు. దానికి దేవునికి వందనాలు. మా కష్టం ఇంకా తీరలేదు, ప్రార్థన చేయండి."

ఇందులో మీకు నిజం కానిది ఏదైనా ఉంటే కొట్టేయండి. అప్పు ఎంతో, బాబు పరీక్ష, మీవారు ఇంట్లో అన్న మాట అక్కడ చెప్పొద్దు. ప్రార్థన అంశంగా చెప్పింది తెల్లారేసరికి బజారంతా తెలుస్తుంది, బాబు తలెత్తుకుని తిరగాలి. కాగితం ముందు రోజే మీవారికి చదివి వినిపించండి. ఆయన వద్దన్న వాక్యం తీసెయ్యండి. ఆ రాత్రి ఆయన మాత్రల వేళ తప్పకూడదు, అలసిపోతే పన్నెండు దాకా కూర్చోబెట్టక్కర్లేదు.

కొత్త సంవత్సరం చర్చిలో వాగ్దాన కార్డు, అంటే ఆ ఏడాదికని ఒక బైబిల్ వచనం రాసిన కార్డు, ఇస్తారు. కిందటి జనవరిలో ఇచ్చినది ఇంట్లో ఉంటే, దానిమీద ఆరోగ్యం గురించో సంతోషం గురించో ఉంటే, దాన్ని చూసినప్పుడల్లా మీకు గుచ్చుకుంటూ ఉండొచ్చు. ఆ వచనాలు ఫలానా ఏడాది ఫలానా ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పడానికి రాసినవి కావు. ఆ కార్డుని జనవరి పేజీలో అంటించి, దాని కింద మీకేమనిపిస్తోందో దేవుడికి రాయండి. కొత్త కార్డు తీసుకోవాలనిపించకపోతే తీసుకోకండి.

మార్చిలో మావయ్యగారి జ్ఞాపకార్థ కూడిక ఎలాగూ పెడతారు. అది ఎలా జరగాలో అత్తయ్యనే చెప్పమనండి. ఏ పాట, ఎవరు ప్రార్థించాలి, ఎంతమందికి భోజనం, సమాధికి సున్నం ఎప్పుడు వేయించాలి, అన్నీ ఆమె ఇష్టం. ఖర్చు ఎంత మించకూడదో మాత్రం జనవరిలోనే మీరిద్దరూ అనుకుని ఆమెకి ముందుగా చెప్పండి.