బోటులోకి ఎలక ఎక్కకముందే

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం గదా. ఆ 61 రోజులూ బోటు జువ్వలదిన్నె జెట్టీలోనే కట్టేసుంటుంది. ఎలకలు ఎక్కేది అప్పుడే. ఎక్కాక చంపడం పెద్ద తలనొప్పి, ఎక్కనీకుండా చూడడమే తేలిక.

కృష్ణపట్నంలో ఓడల మోకులకు గుండ్రటి రేకులు తగిలించుంటారు, చూసే ఉంటావు. అట్టాంటిదే 3 అడుగుల వెడల్పున జింకు రేకుతో చేయించు. మధ్యలో మోకు పట్టేంత బెజ్జం, అక్కడ్నుంచి అంచుదాకా ఒక కోత. మోకుకు తొడిగి తీగతో బిగించు. బోటుకు 2 అడుగులన్నా ఎడం ఉండాల, దగ్గరగా ఉంటే రేకు అంచు నుంచే దూకేస్తది. బెజ్జంలో సందు మిగిలితే గుడ్డ కుక్కు. గాలికి రేకు మోకు మీదికి ఒరిగిందంటే ఎలకకు మనమే మెట్టు వేసినట్టు, రోజూ ఒకసారి చూసుకో. పక్క బోటు ఆనుకొని ఉంటే మాత్రం నీ ఒక్కడి రేకు దండగే. వాళ్ల చేత కూడా కట్టించు. ఎక్కే పలకను చీకటి పడకముందే లోపలికి లాగేయ్.

బొటనవేలు దూరే సందులో ఎలక దూరతది, పెన్సిలు దూరే సందులో చుంచు. కేబిన్లోకి వైర్లు, పైపులు పోయే బెజ్జాల్లో స్టీలు పీచు కుక్కి సిమెంటు పూయి. ఫోమ్ కొట్టబాకు, కొరికేస్తాయి. వలలు కుప్పగా వదిలితే అందులోనే పిల్లలు పెడతాయి. చెక్క మీద ఎత్తున పెట్టి వారానికోసారి విప్పి దులుపు.

నల్లగా మెరిసే మెత్తటి పెంటికలు కనిపిస్తే ఎలక లోపలే ఉందని లెక్క. ఎండి బూడిద రంగుకొస్తే పాతవి. బోను పెట్టేప్పుడు ఎండుచేప వాడబాకు, బోటంతా ఆ వాసనే గదా. వేయించిన కొబ్బరి ముక్క పెట్టు. కొత్త వస్తువంటే ఎలకకు అనుమానం, అందుకని మొదటి రెండు మూడు రాత్రులు బోను బిగించకుండా ఎర మాత్రం తిననీ. గోడ వెంబడే పెట్టు, నడి డెక్కులో పెడితే పడదు.

బ్రోమడియోలోన్ బిళ్లలు తిన్న ఎలక నాలుగైదు రోజులకు చస్తది, అదీ ఇంజను కింద చెయ్యి పెట్టలేని చోట. ఐసు, చేపలు ఉండే బోటుకు అది పనికిరాదని నా మాట. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలైతే అసలు ముట్టబాకు. తేమ తగిలితే విషవాయువు వస్తది, కేబిన్లో పడుకున్న కలాసీలు పోతారు. వెనకటి రోజుల్లో ఓడల్లో ఎలకల కోసం సైనైడ్ పొగ పెట్టి మనుషులు చచ్చిన సంగతులున్నాయి.

చచ్చిన ఎలకను ఉత్త చేత్తో ఎత్తబాకు. ఒళ్లు చల్లబడగానే దాని మీది దూకే పురుగులు వేరే ఒంటిని వెతుక్కుంటాయి. ప్లేగు మనిషికి ఎక్కే దారి అదేనని 1898లో కరాచీలో సైమండ్ అనే ఫ్రెంచి డాక్టరు తేల్చాడు. ఓడల్లో ఎలకల్ని ఆరు నెలలకోసారి తనిఖీ చేయాలన్న రూలు 1926 అంతర్జాతీయ ఆరోగ్య ఒప్పందంలో వచ్చింది, దేశాల మధ్య తిరిగే ఓడలకు ఇప్పటికీ ఆరోగ్య సర్టిఫికెట్ గడువు ఆరు నెలలే. అందుకని చచ్చిన ఎలక మీద ముందు సబ్బు నీళ్లు పోసి, గ్లౌజులు వేసుకొని సంచిలో కట్టి పూడ్చు. బోటు అడుగున నిలిచిన నీళ్లు తోడేప్పుడు కాలికి పుండు ఉంటే బూట్లు లేకుండా దిగబాకు, ఎలక ఉచ్చ కలిసిన నీళ్లతో ఎలక జ్వరం వస్తది.

రేకులు నిషేధానికి వారం ముందే చేయించు, ఆఖర్లో వెల్డింగు షాపులో ఖాళీ దొరకదు.

ఇట్లు,
మీ మామ