పొట్టకి కరెంటు బెల్టు: రెండు నెలలు కట్టి చూశాక

టీవీ చూస్తూ ఈఎంఎస్ బెల్టు (కరెంటుతో కండరాన్ని ముడుచుకునేలా చేసే బెల్టు) పెట్టుకుంటే పొట్ట తగ్గుతుందా అని అడిగారు. పొట్ట కొవ్వు తగ్గదు. అలాగని అది ఏమీ చేయదనీ అనలేను. నేను రెండు నెలలు కట్టాను, వారానికి నాలుగైదు రోజులు, రోజుకు అరగంట.

మొదటి రోజు తొందరపడి కరెంటు లెవెల్ బాగా పెంచేశాను. చీమలు పాకినట్టు మొదలై, పొట్ట దానంతటదే బిగుసుకుపోయింది. మాట్లాడుతుంటే మాట మధ్యలో తెగిపోయేది, ఇంట్లోవాళ్లు ఒకటే నవ్వు. మర్నాడు తుమ్మితే పొట్ట పట్టేసినంత నొప్పి. అంటే కండరం పనిచేసిన మాట నిజం. బెల్టు లోపల చర్మానికి అతుక్కునే ప్యాడ్ల నుంచి వచ్చే కరెంటు కండరానికి వెళ్లే నరాన్ని కదిలిస్తుంది, మెదడు చెప్పకుండానే కండరం ముడుచుకుంటుంది. మోకాలి ఆపరేషన్ తర్వాత తొడ కండరం నీరసించకుండా ఫిజియోథెరపీలో వాడేదీ ఈ పద్ధతే.

చిక్కంతా కొవ్వుతోనే. అది కండరం పైన ఉంటుంది. కింద కండరం ఎంత ముడుచుకున్నా పైనున్నది అక్కడే కరగదు, ఎక్కడి కొవ్వు ముందు వాడాలో ఒళ్లే చూసుకుంటుంది. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో వారానికి 5 సార్లు చొప్పున 8 వారాలు వాడినవాళ్లకు పొట్ట కండరాల బలం సగటున 58 శాతం పెరిగింది, నడుము 3.5 సెంటీమీటర్లు తగ్గింది. బరువు, కొవ్వు మాత్రం మారలేదు. నాదీ దాదాపు అదే కథ. ప్యాంటు కాస్త వదులైందని మురిసిపోయి బరువు చూసుకుంటే మెషీన్ మీద పాత అంకే!

వ్యాయామం లేకుండా సిక్స్ ప్యాక్ వస్తుందనే ప్రకటనలు కొత్తవేం కావు. 2002లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అలాంటి మూడు బెల్టుల అమ్మకందారుల మీద తప్పుడు ప్రచారమని కేసులు వేసింది.

షాక్ కొడుతుందేమోనన్న భయం కూడా చెప్పారు, అక్కడ చూసుకోవాల్సింది ప్యాడ్లనే. నెల తిరిగేసరికి నావి ఎండి అంచులు లేచాయి. అతుక్కున్న కాస్త చోటు నుంచే కరెంటంతా వెళ్తుంది కాబట్టి అక్కడ సూదులు గుచ్చినట్టు మండి, చర్మం మీద ఎర్రటి మచ్చ పడింది. కంపెనీకి ఫోన్ చేస్తే కొత్త ప్యాడ్లు కొనుక్కోమన్నారు, అంతే. ఆ ఖర్చు ముందు ఎవరూ చెప్పరు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. మూర్ఛ ఉన్నా, పొట్టకి ఈమధ్య ఆపరేషన్ అయినా డాక్టర్ని అడగకుండా కట్టకండి. ఛాతీ మీద ఎవరూ పెట్టుకోకూడదు.

నాకు దక్కిన అసలు లాభం నేను అనుకోనిది. ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా నిలిపే వ్యాయామం) చేసేటప్పుడు ఏ కండరం బిగించాలో అంతకుముందు నాకు తెలిసేది కాదు, నడుము కిందికి జారిపోయేది. బెల్టు బిగించిన చోటు గుర్తుపెట్టుకుని ఇప్పుడు నేనే బిగిస్తున్నాను. బెల్టు మాత్రం బీరువాలో ఉంది. మీరు కొనాలనే అనుకుంటే, దాని ప్యాడ్లు విడిగా దొరుకుతాయో లేదో ముందు చూసుకోండి.