జవాబు మాత్రం నువ్వే రాయి

బరంపురం,
ఆదివారం

చిట్టితల్లీ,

నువ్వు వర్చువల్ అసిస్టెంట్‌ని పెట్టుకుంటున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ అమ్మాయి విశాఖలో తన ఇంట్లో కూర్చునే రాయగడలో నీ పనులన్నీ చక్కబెడుతుందట. వినగానే కడుపు నిండిపోయింది. రెండు కిలోల మినప్పిండితో మొదలుపెట్టిన అప్పడాలకి ఈరోజు ఒక మనిషి సాయం కావలసి వచ్చిందంటే మాటలా! ఆ తర్వాతే టెన్షన్ పట్టుకుంది. తెల్లారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తేలికవి ముందు చెప్పేస్తాను. కొరియర్ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవడం, కరెంటు బిల్లు గడువు గుర్తుచేయడం, ఆర్డర్ల పట్టీ రాయడం, అమ్మకి కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోవడం, ఇవన్నీ నిశ్చింతగా అప్పగించు. జీఎస్టీ లెక్కలు కూడా సిద్ధం చేయమను. కానీ నెలవారీ రిటర్ను 20వ తేదీ దాటితే ఫైన్ కట్టాల్సింది నువ్వు, ఆ అమ్మాయి కాదు. ఆ తేదీ నీ తలలో ఉండాలి. ముందు 15 రోజులు జీతమిచ్చి పని చేయించి చూడు. ఒడియా చదవడం వచ్చో లేదో అడుగు.

డబ్బు దగ్గర నా భయం నీకు తెలుసు. ఎంత మంచి పిల్లైనా సరే ఓటీపీ చెప్పకు, యూపీఐ పిన్ చెప్పకు. యూపీఐ సర్కిల్ అని ఒకటుందని మనవడు చూపించాడు. నీ ఖాతాలోంచే ఆమె చెల్లించవచ్చు, ఒక్కోసారికి 5,000, నెలకి 15,000 మించదు. చిల్లర ఖర్చులకి అది చాలు. జీమెయిల్ పాస్‌వర్డ్ కూడా ఇవ్వక్కర్లేదు, తన ఖాతాలోంచే నీ మెయిల్ చూసేలా అనుమతి ఇవ్వవచ్చట. ఆధార్ పంపాల్సి వస్తే చివరి 4 అంకెలు మాత్రమే కనిపించేది పంపు. మోసం జరిగిందని అనుమానమొస్తే సిగ్గుపడుతూ కూర్చోకు, ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

ఇవన్నీ నీకు తెలిసినవే. నాకు నిద్ర పట్టనిది వేరే దాని గురించి.

1987లో మన అప్పడాలు కటక్ దాకా వెళ్లేవి. నేను ఇచ్ఛాపురంలో తెలుగులో చదువుకున్నదాన్ని. ఇక్కడికి కాపురానికొచ్చాక ఒడియా మాట్లాడటం వచ్చింది కానీ చదవడం, రాయడం రాలేదు. అందుకని ఒక గుమాస్తాని పెట్టుకున్నాను. నిజాయితీపరుడు, పైసా తేడా వచ్చేది కాదు. వచ్చిన ఉత్తరం చదివి, జవాబు రాసి తెచ్చేవాడు. నేను సంతకం పెట్టేదాన్ని.

కటక్ వ్యాపారి ఒకాయన తొమ్మిదేళ్లుగా మన సరుకే తీసుకునేవాడు. ఆ వేసవిలో ఒకరోజు డాబా మీద చాపల నిండా అప్పడాలున్నాయి, మబ్బు కమ్ముకొస్తోంది. గుమాస్తా మెట్ల మీదనుంచే అడిగాడు. "కటక్ వాళ్లు బాకీకి గడువు అడుగుతున్నారు, ఏం రాయమంటారు?" "నువ్వే చూసి రాసెయ్" అన్నాను. ఎందుకు అడుగుతున్నాడని ఒక్క మాట అడగలేదు. సాయంత్రం ఇన్‌లాండ్ లెటర్ తెస్తే చేతికున్న పిండి కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టేశాను.

నెల తిరక్కుండా డబ్బంతా వచ్చింది. సంబరపడ్డాను కూడా! ఆర్డరు మాత్రం మళ్లీ రాలేదు. దసరాకి కటక్ వెళ్లినప్పుడు ఆయన కొట్టుకి వెళ్లాను. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. తర్వాత గల్లాపెట్టె అడుగునుంచి ఆ ఉత్తరం తీసి చదివి వినిపించాడు. 15 రోజుల్లో బాకీ తీర్చకపోతే సరుకు ఆపేస్తామని ఉంది. ఆయన గడువు అడిగింది కూతురి పెళ్లి ఉందని. పెళ్లి ఊసే లేదు అందులో. గుమాస్తా రాశాడని చెప్పబోయాను. కానీ అడుగున నా సంతకం, దాని పక్కన పిండితో పడిన నా బొటనవేలి ముద్ర. నోరు పెగల్లేదు. మా మొదటి సరుకు వానలో తడిసి చేరినా ఒక్క రూపాయి కోయకుండా డబ్బు పంపిన మనిషి ఆయన.

గుమాస్తాని ఏమీ అనలేదు. లెక్క ప్రకారం అతను రాసింది సరే. ఆయన మనకి ఏమవుతాడో అతనికి తెలీదు, నాకు తెలుసు. ఆ శీతాకాలం మీ అన్నయ్య ఒకటో తరగతి పుస్తకం పక్కన పెట్టుకుని ఒడియా అక్షరాలు దిద్దుకున్నాను.

అందుకే చెబుతున్నాను తల్లీ. గడువు అడిగినవాళ్లకి, సరుకు బాగోలేదన్నవాళ్లకి, నీ దగ్గర అప్పడాలు ఒత్తే ఆడవాళ్లకి జవాబు నువ్వే రాయి. అలాంటి మెసేజులు పక్కన పెట్టి రోజూ సాయంత్రం నీకు చూపించమని మొదటిరోజే చెప్పు. అమ్మ పుట్టినరోజు చీర ఆ అమ్మాయితో ఆన్‌లైన్‌లో తెప్పించకు. ఇక్కడికి రా, ఇద్దరం వెళ్లి పట్టు చేత్తో తడిమి చూసి కొందాం.

తిట్టాననుకోకు. నీ పని చూస్తే నాకెంత గర్వమో మీ అమ్మని అడుగు. ఇంకొక్కటి. ఆ అమ్మాయి జీతమెంతో, ఎన్ని గంటలు పనిచేస్తుందో మీ అమ్మకి చెప్పావట. పేరేమిటని అడిగితే నువ్వు చెప్పలేదంది. పేరు రాసి పంపు.

నీ పెద్దమ్మ