విడ్జెట్ పలక్కపోతే ముందు తిట్టాల్సింది యాప్‌ని కాదు

హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్న విడ్జెట్ (యాప్ తెరవకుండానే దాని సంగతులు చూపించే చిన్న పలక) ఎంత నొక్కినా పలకడం లేదు, పాత సంగతే చూపిస్తోంది, యాప్ తీసేసి మళ్ళీ వేసినా అంతే, ఏం చేయాలి అని అడిగారు. ఫోన్ ఏదో చెప్పలేదు. ఫర్వాలేదు, నేను చెప్తాను: తప్పు యాప్‌ది కాదు. బ్యాటరీ మిగల్చాలని మీ ఫోనే దాని పీక నొక్కేస్తోంది. లేదంటే మీ ఇంట్లో ఎవరో రీసెంట్స్‌లోకి, అంటే ఈమధ్య వాడిన యాప్‌ల వరసలోకి వెళ్ళి రోజూ అన్నీ ఊడ్చేస్తున్నారు. నూటికి తొంభై పాళ్ళు ఈ రెండే.

మా అమ్మ ఫోన్‌లో పంచాంగం విడ్జెట్ పెట్టింది నేనే. గోడ మీద క్యాలెండర్ అక్షరాలు కనపడటం లేదంటే, తిథి పెద్దగా కనిపించేలా పెట్టాను. పెద్ద ఏకాదశులైతే టీవీవాళ్ళే పొద్దుటి నుంచీ ఊదరగొడతారు గానీ, ఆ రోజు మామూలు బహుళ ఏకాదశి. విడ్జెట్ మాత్రం నవమి దగ్గరే ఆగిపోయింది. అమ్మ నిశ్చింతగా అల్లం చట్నీతో పెసరట్టు తింటుంటే పక్కింటి పిన్నిగారు పూలకని వచ్చి, "ఏకాదశి పూట అట్లేమిటి వదినా?" అన్నారు. అంతే. ఫోన్ తెచ్చి నా కంచం పక్కన పెట్టింది. "ఏరా, ఇదేనా నువ్వు పెట్టిన పంచాంగం?"

రిఫ్రెష్ బాణం నొక్కాను, చలనం లేదు. యాప్ తెరిచాను. తెరవగానే లోపల ఏకాదశి, వెనక్కి వస్తే విడ్జెట్‌లోనూ ఏకాదశే. అంటే యాప్ బాగానే ఉంది, దాన్ని లేవనివ్వడం లేదు. ఆరా తీస్తే తేలిందేమిటంటే, మా బాబాయి కొడుకు సెలవులకి వచ్చినప్పుడు "పెద్దమ్మా, వాడాక అన్నీ తుడిచెయ్యాలి, లేకపోతే ఛార్జింగ్ తాగేస్తాయి" అని నేర్పి వెళ్ళాడట. ఇలాంటి జ్ఞానులు ప్రతి కుటుంబంలోనూ ఒకడుంటాడు. తుడిచేసిన యాప్ మళ్ళీ మొదటి నుంచి లేవాలంటేనే బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది, ఆ ముక్క వాడికి చెప్పినా ఎక్కదు.

అసలు హోమ్ స్క్రీన్ మీద కనిపించే బొమ్మని నిలబెట్టి ఉంచేది లాంచర్, అంటే ఆ హోమ్ స్క్రీన్‌ని నడిపే ప్రోగ్రామ్. యాప్ అప్పుడప్పుడు లేచి కొత్త బొమ్మ ఇచ్చి పోతుంది. కొట్టు మూసేసినా బోర్డు వేలాడుతున్నట్టు, యాప్ చచ్చినా పాత బొమ్మ అలాగే ఉంటుంది. ఆండ్రాయిడ్ సిస్టమ్ మామూలుగా లేపేది కూడా ఎంత తొందరగా అన్నా 30 నిమిషాలకోసారే. తిథేమో అర్ధరాత్రి చూసుకుని మారదు. ఒకటి 20 గంటల్లో అయిపోతుంది, ఇంకోటి 26 గంటలు సాగుతుంది. సమయానికి లేవనివ్వకపోతే పాపం అది మాత్రం ఏం చేస్తుంది?

ఆండ్రాయిడ్ 6 నుంచీ డోజ్ అని ఒకటుంది. ఫోన్ కదలకుండా పడుంటే యాప్‌లని నిద్రపుచ్చుతుంది. అది న్యాయమే. దాని మీద కొన్ని కంపెనీలు తమ సొంత పెత్తనం కలుపుతాయి, ఒళ్ళు మండేది అక్కడే. ఆండ్రాయిడ్ 15లో అయితే యాప్‌ని ఫోర్స్ స్టాప్ చేస్తే, అంటే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి బలవంతంగా ఆపేస్తే, విడ్జెట్ బూడిదరంగుకి తిరుగుతుంది, మళ్ళీ యాప్ తెరిచేదాకా ముట్టుకున్నా పలకదు. నాకిదే నచ్చింది. పాత తిథి చూపించి పెసరట్టు తినిపించడం కంటే నయం కదా.

అమ్మ ఫోన్‌లో యాప్ ఐకాన్ మీద వేలు నొక్కి పట్టుకుని, యాప్ ఇన్ఫోలో బ్యాటరీకి వెళ్ళి, ఆంక్షలు లేవు అన్నది పెట్టాను. యాప్ తనంతట తాను లేవడానికి వీలిచ్చే ఆటోస్టార్ట్ ఆన్ చేశాను. రీసెంట్స్‌లో ఆ యాప్‌కి తాళం వేశాను, ఇప్పుడు ఎంత తుడిచినా పోదు. విడ్జెట్‌ని ఒకసారి తీసేసి మళ్ళీ పెట్టాను. ఈ పేర్లు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటాయి, వెతుక్కోవాలి. క్లీనర్, బూస్టర్ లాంటి యాప్‌లు ఉంటే ముందు వాటిని పీకి పారేయండి. మెమరీ కార్డు మీదకి జరిపిన యాప్ అయితే వెనక్కి ఫోన్‌లోకి తెచ్చుకోండి. కార్డు మీదున్న యాప్‌కి విడ్జెట్ సరిగ్గా పని చేయకపోవచ్చు.

మీది ఐఫోన్ అయితే కథ వేరు. 2020లో ఐఓఎస్ 14తో వచ్చిన ఈ విడ్జెట్లలో బటన్లు పని చేయడం 2023లో ఐఓఎస్ 17 నుంచే మొదలైంది. అంతకు ముందుదాంట్లో ఎక్కడ నొక్కినా యాప్ తెరుచుకోవడమే. తరచూ చూసే విడ్జెట్‌కి కూడా ఐఫోన్ రోజుకి 40 నుంచి 70 అప్‌డేట్ల దాకానే ఇస్తుంది.

ఫ్యాక్టరీ రీసెట్ చేయమని చెప్పే కస్టమర్ కేర్ మాట మాత్రం వినకండి. ఫొటోలు పోతాయి, విడ్జెట్ మాత్రం రెండో రోజుకి మళ్ళీ మామూలే. ఇవన్నీ చేసినా పలక్కపోతే అప్పుడు యాప్ చేసినవాళ్ళకి ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ చెప్పి మెయిల్ పెట్టండి. ఒక్క స్టార్ కొట్టి "వేస్ట్ యాప్" అని రాసేస్తే ఏ ఫోన్‌లో ఏం ఆగిపోయిందో వాళ్ళకి ఎలా తెలుస్తుంది?