ఐదడుగులు నడిచి వెనుదిరిగే తమ్ముడు

ప్రశ్న: మాది హనుమకొండ దగ్గరి పల్లె. వేరే రాష్ట్రంలో లారీ క్లీనరుగా పనిచేసే మా తమ్ముడు ఒక కేసులో ఏడు నెలలు విచారణ ఖైదీగా ఉండి, ఈ మధ్యనే బెయిలుపై ఇంటికి వచ్చాడు. బ్యారక్‌లో ఏదో కొట్లాట జరిగిన తర్వాత అతణ్ణి దాదాపు యాభై రోజులు ఒక్కణ్ణే ఒక గదిలో ఉంచారట. కొట్టలేదని, తిండి సరిగానే పెట్టారని అంటాడు. కానీ కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడతాడు; చుట్టాలు వస్తే లోపలి అర్రలోకి పోతాడు; వాకిట్లో ఐదడుగులు వేసి వెనుదిరిగి, మళ్లీ ఐదడుగులు వేస్తాడు. దగ్గరగా వేసిన తలుపును, గొళ్లెం లేకపోయినా, తానుగా తీయడు. ఎవరైనా తీసేదాకా నిలబడే ఉంటాడు. అమ్మ గాలి సోకిందంటోంది; జాతరకు మేడారం తీసుకెళ్లి నిలువెత్తు బంగారం, అంటే అతని బరువంత బెల్లం, ఇస్తానని మొక్కుకుంది. కొట్టకుండానే మనిషి ఇట్లా అవుతాడా? అట్లా ఉంచే అధికారం వాళ్లకు ఉందా?
– ఒక అక్క

జవాబు: అవుతాడమ్మా. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది తలుపు సంగతి. జైలు గది తలుపు లోపలి మనిషి తీసేది కాదు. యాభై రోజులు అది పరుల చేతిలోనే ఉంటే, తలుపు ముందు నిలబడి ఎదురుచూడాలని ఒంటికే అలవాటవుతుంది. ఐదడుగులు బహుశా ఆ గది పొడవు. వీటిని పిచ్చి చేష్టలనుకోకండి. అక్కడ కాలం గడపడానికి అతడు చేసుకున్న అలవాట్లు ఇంకా వదలలేదు, అంతే.

ఏకాంతం మనసును కడుగుతుందని ఒకప్పుడు మంచివాళ్లే నమ్మారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1829లో ఖైదీలు తొలుత అడుగుపెట్టిన జైలును ఆ నమ్మకంతోనే కట్టారు. ఒంటరిగా ఉంటే ఖైదీ తన తప్పు తెలుసుకుని పశ్చాత్తాపపడతాడని వారి ఆశ. జరిగింది వేరు. ఇలాంటి నిర్బంధంలో కొద్దికాలానికే అనేకులు మతి మందగించిన స్థితిలోకి జారుకున్నారని, కొందరు ఆత్మహత్య చేసుకున్నారని 1890లో ఆ దేశపు సుప్రీంకోర్టే తీర్పులో రాసింది. మన మునులూ గుహల్లో ఒంటరిగా ఉన్నారు కదా అని కొందరు వాదిస్తారు గానీ, ముని తలచుకున్నప్పుడు లేచి ఊళ్లోకి రాగలడు.

పలకరింపు, పని, ఎండా నీడల మార్పు మెదడుకు తిండి వంటివి. అవి అందనప్పుడు అది నెమ్మదించడమే కాదు, దొరికిన చిన్న శబ్దాన్ని కూడా భూతద్దంలో చూస్తుంది. అమెరికాలోనే మసాచుసెట్స్ జైలులో ఏకాంతంలో ఉన్న 14 మందిని పరీక్షించిన మానసిక వైద్యుడు స్టూవర్ట్ గ్రాసియన్, 1983లో ప్రచురించిన వ్యాసంలో, శబ్దాలను భరించలేకపోవడం, లేనివి వినిపించడం, హఠాత్తుగా ముంచుకొచ్చే భయం, ఏకాగ్రత కుదరకపోవడం, ఇతరులపై అనుమానం, తమను తాము గాయపరచుకోవాలన్న ఆవేశం వంటి లక్షణాలను నమోదు చేశారు. మీ కుక్కర్ విజిల్ ఆ జాబితాలో మొదటిదే. చుట్టాలను చూసి లోపలికి పోవడాన్ని పొగరని గానీ సిగ్గని గానీ అనుకోకండి. నలుగురు ఒకేసారి మాట్లాడితే వినడం కూడా ఇప్పుడు అతనికి బరువైన పని.

ఇక అధికారం సంగతి. ఏకాంత నిర్బంధం అనే శిక్షను భారతీయ న్యాయ సంహిత 11, 12 సెక్షన్లు, అంతకుముందు ఐపీసీ 73, 74 సెక్షన్లు చెబుతున్నాయి. దాన్ని నేరం రుజువైన వ్యక్తికి కోర్టు మాత్రమే తీర్పులో భాగంగా విధించాలి. ఒక విడతకు 14 రోజులు, మొత్తం మీద 3 నెలలు మించకూడదు. తీర్పే రాని విచారణ ఖైదీకి అది వర్తించదు. జైలువారు దానికి భద్రత అనో క్రమశిక్షణ అనో పేరు పెట్టి ఉండవచ్చు. అయితే పేరు మార్చినంత మాత్రాన ఏకాంత నిర్బంధం చెల్లదని సునీల్ బత్రా అనే ఖైదీ కేసులో సుప్రీంకోర్టు 1978లో చెప్పింది. అలాంటి చర్యకు సెషన్స్ జడ్జి పరిశీలన ఉండాలని, అత్యవసరమైతే రెండు రోజుల్లోగా ఆయనకు తెలపాలని 1980లో మళ్లీ చెప్పింది. రోజుకు 22 గంటలు మనుషుల పొత్తు లేకుండా 15 రోజులకు మించి ఉంచడాన్ని ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాలు నిషేధిస్తున్నాయి. మీ తమ్ముడు అంతకు మూడింతలకు పైగా ఉన్నాడు. గుర్తున్నంత వరకు తేదీలను కాగితం మీద రాయించి న్యాయవాదికి ఇవ్వండి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా ఇస్తారు.

ఇంట్లో చేయవలసినది నెమ్మదిగా సాగాలి. ఒక్కొక్కరే అతనితో కూర్చోండి. తలుపులు బార్లా తెరిచి ఉంచండి. ఎప్పుడైనా తానే తీస్తే మెచ్చుకోళ్లు వద్దు, చూడనట్టే ఉండండి. రాత్రి నిద్ర, పొద్దుటి ఎండ తప్పనివ్వకండి. అక్కడ ఏం జరిగిందని తరచి అడగవద్దు. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు, ఈ వారంలోనే చూపించండి. చచ్చిపోవాలని ఉందన్న మాట నోట వస్తే ఒక్కణ్ణే వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడవచ్చు.

అమ్మ మొక్కును కాదనకండి, ఆమెకూ ఊరట కావాలి. కానీ జాతర జనం మధ్యకు ఇప్పుడే వద్దు. గద్దెల దగ్గర జనం పలచగా ఉండే ఒక మామూలు రోజున, పొద్దున్నే వెళ్లి త్వరగా తిరిగి వచ్చేయండి. అందరి ముందూ తక్కెడలో కూర్చోనంటే ఇంటి దగ్గరే అతని బరువు చూసి, అంత బెల్లం కట్టించి తీసుకెళ్లండి.