ఆర్‌వీలో మైక్రోవేవ్ పెడితే ఇన్వర్టర్ ఆగిపోతోంది

ప్రశ్న: అమెరికాలో ఆర్‌వీలో (ఇల్లులా వాడుకునే వాహనం) తిరుగుతున్నాం. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే నిల్వ సామర్థ్యం) లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు, 2000 వాట్ల ఇన్వర్టర్ ఉన్నాయి. రైస్ కుక్కర్ నడుస్తోంది, మైక్రోవేవ్ పెడితే ఇన్వర్టర్ ఆగిపోతోంది. ఎందుకండీ?

జవాబు: మైక్రోవేవ్ మీద రాసే 1000 వాట్లు వంటకు అందే శక్తి. అది లాగేది 1500 వాట్ల దాకా, అంటే బ్యాటరీ నుంచి సుమారు 140 ఆంపియర్లు! అంత లోడుకు లెడ్ యాసిడ్ బ్యాటరీల వోల్టేజీ పడిపోతుంది. 10.5 వోల్టుల దగ్గర చాలా ఇన్వర్టర్లు కట్టయిపోతాయి.

మైక్రోవేవ్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర, ఇన్వర్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ చూడండి. తేడా అర వోల్టు దాటితే లోపం కేబుల్‌లోనో లగ్గుల్లోనో (కేబుల్ చివర బిగించే లోహపు ముక్కలు) ఉంది. లగ్గులు బిగించి, పొట్టి 2/0 సైజు (లావు) రాగి కేబుల్ వేయండి. సన్న కేబుల్ కాలిపోతుంది, దయచేసి అశ్రద్ధ చేయకండి. బ్యాటరీ దగ్గరే వోల్టేజీ పడిపోతుంటే 200 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మారండి. చార్జర్‌కు లిథియం సెట్టింగ్ తప్పనిసరి.